వాగ్దానాల పళ్ళెం పట్టుకున్న చెయ్యి

పోయిన నెల కోదాడలో మా సంఘాలవాళ్ళు పెట్టిన శిక్షణ తరగతికి నన్ను పిలిచారు. కొత్తగా బైబిల్ ఉమన్ పనిలోకి వస్తున్న ఆరుగురు అమ్మాయిలు కూర్చుని ఉన్నారు. నా అనుభవం చెప్పడానికి పది నిమిషాలు ఇచ్చారు. ముప్పై నాలుగేళ్ళ పనికి పది నిమిషాలు! నాలుగు అద్భుతాలు చెప్పి, ఒక పాట పాడించి దిగిపోతానని వాళ్ళ ఆశ. నేనూ అలాగే కానిచ్చాను. చివర్లో హుజూర్‌నగర్ వైపు పిల్ల ఒకతె లేచి నిలబడింది.

"ఆంటీ, పిల్లలు సచ్చిపోయిన ఇంటికి పోతే, దేవుడు ఎందుకు గిట్ల జేసిండని అడుగుతరు గదా. అప్పుడు ఏం చెప్పాలె?"

"ప్రార్థన చెయ్యాలమ్మా" అని కూర్చున్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. సూర్యాపేట బస్సు ఎక్కాక నాకు కుదురు లేకుండా పోయింది. ఆ పిల్ల అడిగింది అసలైన ప్రశ్న, నేను చెప్పింది తప్పించుకునే జవాబు. ఇంటికొచ్చి మూడు రోజులు కాలుగాలిన పిల్లిలా తిరిగి, చివరికి కాగితాలు ముందేసుకున్నాను. ఇది ఆ పిల్లకు రాస్తున్నది. మిగతావాళ్ళు చదివినా నాకు అభ్యంతరం లేదు.

మా పని తెలియనివాళ్ళకు ఒక మాట. పాస్టరుగారు గుడిలో నిలబడి మాట్లాడతారు. వంటింట్లోకి, బాలింత మంచం దగ్గరికి, శవానికి స్నానం చేయించే పెరట్లోకి వెళ్ళేది మేము. నన్ను ఊళ్ళల్లో బైబిలమ్మ అనేవారు. అసలు పేరు చాలామందికి తెలియదు. ఎప్పుడు చేరాను, ఎక్కడికి బదిలీ అయ్యాను, రిటైరైన రోజు ఎవరు శాలువా కప్పారు అన్న సంగతులు ఇక్కడ రాయను. వాటివల్ల ఎవరికీ ఏమీ ఒరగదు.

మిర్యాలగూడలో గిన్నెలు

నేను పనిలో చేరిన మొదటి ఏడాది, మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు హమాలీ, బస్తాలు మీద కూలి చనిపోయాడు. నాకు ఇరవై నాలుగేళ్ళు. శిక్షణలో నేర్చుకున్న వాక్యాలన్నీ నాలుక చివరే ఉన్నాయి. ఇంట్లోకి అడుగు పెడుతూనే పుస్తకం తెరిచి, అన్నీ సమకూడి మేలుకే జరుగుతాయని ఆ భార్యకు చెప్పడం మొదలుపెట్టాను. ఆమె నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది.

అప్పటి మా పాస్టరుగారు ముసలాయన, పొడుం పీల్చేవాడు. నన్ను చెయ్యి పట్టుకుని పెరట్లోకి తీసుకుపోయాడు.

"బిడ్డా, నోరు మూసుకో. గాడ అంట్ల గిన్నెలున్నయి, తోము."

"నేను వాక్యం చెప్పనీకి వచ్చిన అయ్యగారు."

"తెలుసు. గిన్నెలు తోమినంక మాట్లాడుదువు. మొదటి గంట నోరు తెరవొద్దు, గంతే. దేవునికి వకీళ్ళు అక్కర్లేదు, ఆ ఇంటికి నీళ్ళు అక్కర."

నాకు ఒళ్ళు మండింది. ఇంత చదివి అంట్లు తోమడానికా వచ్చాను అనుకుంటూ బూడిద పెట్టి తోమాను. తోమడం అయ్యేసరికి ఆ భార్య నా పక్కకు వచ్చి కూర్చుని, తనంతట తానే ఏడవడం మొదలుపెట్టింది. ఆయన దగ్గర నేను పని చేసింది నాలుగేళ్ళే. ఈ పనిలో నాకు తెలిసినదాంట్లో సగం ఆయన దగ్గర నేర్చుకున్నదే. మిగతా సగం నా తప్పులు నేర్పాయి.

కోదాడలో మైకు

కోదాడలో నాకు పైన ఉన్న పాస్టరుగారు కృష్ణా దాటి వచ్చినవాడు. గొంతు పెద్దది, మనసు చెడ్డది కాదు. ఆయన పట్టుదల ఒక్కటే: ఎవరింట్లో చావు జరిగినా మూడో రోజు ఆదరణ కూటంలో ఆ ఇంటివాళ్ళు నిలబడి దేవునికి స్తోత్రం చెల్లించాలి. హైవే మీద లారీ గుద్ది భర్త పోయిన ఒకామెను అలాగే లేపమన్నాడు.

"లెగమ్మా, సాక్ష్యం చెప్పు. సాతానుకి సిగ్గొచ్చేలా చెప్పాలి మరి. ఏవండీ బైబిలమ్మగారూ, కాస్త సాయం పట్టండి."

నేను ఆమె మోచెయ్యి పట్టి లేపాను. ఆమె మైకులో "దేవునికి స్తోత్రం" అంది. అంతమంది ముందు ఇంకేం అంటుంది? ఆ తర్వాత రెండేళ్ళు ప్రతి ఆదివారం గుడికి వచ్చింది, పాడింది, కానుక వేసింది, ఒక్కసారి కూడా కన్నీరు పెట్టలేదు. మేమంతా ఆమె విశ్వాసాన్ని మెచ్చుకున్నాం. ఒకరోజు వాళ్ళ వాకిట్లో మిరపకాయలు ఏరుతూ, "ఆ రోజు నేను ఏడుద్దామనుకున్నానండి, మీరు లేపారు" అంది. నాకు తల కొట్టేసినట్టయింది. దుఃఖంలో ఉన్న మనిషి చేత దేవునికి సర్టిఫికెట్ ఇప్పించకండి. ఆయన అడగలేదు, మనమే అడుగుతున్నాం.

ఇంత నేర్చుకుని కూడా సూర్యాపేటలో నేను చేసింది వీటన్నిటికంటే పెద్ద తప్పు. ఇక అది రాయాలి. రెండుసార్లు లేచి టీ పెట్టుకుని వచ్చాను, రాయక తప్పదు.

సూర్యాపేటలో పళ్ళెం

మా సంఘాల్లో జనవరి ఒకటిన పొద్దున ఆరాధన అయ్యాక వాగ్దాన కార్డులు తీసుకుంటారు. అరచేయంత కార్డు, గులాబీ పూల బొమ్మో కొండల బొమ్మో, దాని మీద ఒక వాక్యం. అందరూ వరుసలో వచ్చి కళ్ళు మూసుకుని పళ్ళెంలోంచి ఒకటి తీస్తారు. ఆ ఏడాదంతా ఆ మాట దేవుడు తమకు ఇచ్చిన మాట. దాన్ని గోడకు అంటిస్తారు, ఆటో అద్దానికి పెడతారు, బియ్యం డబ్బాలో దాచుకుంటారు.

ప్రెస్సు నుంచి కట్టలు రాగానే వాటిని ఏరడం నా పని. శ్రమలు వస్తాయని, శిక్ష ఉంటుందని, ఏడుస్తారని చెప్పే కార్డులు ముందే తీసేయమనేవారు. పండగపూట అలాంటిది వస్తే జనం ముఖం మాడ్చుకుంటారు మరి. ఏళ్ళ తరబడి నేను అలా తీసి పక్కన పడేశాను. దేవుడు చెప్పినవాటిలో మనకు నచ్చినవి మాత్రమే పళ్ళెంలో పోసి, దాంట్లోంచి ఆయన చిత్తం తీసుకోమంటున్నామని ఒక్కసారి కూడా తట్టలేదు.

కరుణ అని మా సంఘంలో ఒకామె ఉండేది. ఇంట్లో మిషన్ పెట్టుకుని జాకెట్లు కుట్టేది. భర్త డేవిడ్ ఆటో తోలేవాడు. వాళ్ళకు ఒక్కతే కూతురు గ్రేసీ, ఎనిమిదేళ్ళది. సండే స్కూల్లో కంజిర వాయించేది, రెండు పాటలకే పెదాలు నీలంగా మారి కూర్చునేది. గుండెలో రంధ్రం. హైదరాబాద్‌లో పెద్ద దవాఖానవాళ్ళు ఫిబ్రవరిలో ఆపరేషన్‌కు తేదీ ఇచ్చారు. డిసెంబరు చివర్లో కరుణ నా దగ్గర కూర్చుని ఒకటే వణుకు.

"రొమ్ము కోస్తరంట బైబిలమ్మ. నా బిడ్డ రొమ్ము కోస్తరంట. ఎట్ల తీసుకపోవాలె?"

ఆమెకు కాస్త ధైర్యం వస్తే బాగుండుననుకున్నాను. నేను చేసిందానికి కారణం అంతే. కట్టలు ఏరుతున్నప్పుడు ఒక కార్డు కనిపించింది. సంతానం నీ కళ్ళెదుట స్థిరంగా ఉంటుందనే అర్థం వచ్చే మాట. దాన్ని పక్కకు తీసి పెట్టాను. జనవరి ఒకటిన పళ్ళెం పట్టుకుని నిలబడి, కరుణ వంతు రాగానే బొటనవేలి కింద ఉన్న ఆ కార్డును ఆమె వేళ్ళకు తగిలేలా ముందుకు జరిపాను. కళ్ళు మూసుకుని తీసింది. చదువుకుని అక్కడే మోకాళ్ళ మీద పడి ఏడ్చింది. చుట్టూ ఉన్నవాళ్ళు స్తోత్రం స్తోత్రం అన్నారు. నా గుండె పొంగిపోయింది. దేవుడికి ఒక చిన్న సాయం చేశాననుకున్నాను.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. జనవరి చివర్లో వాళ్ళింటికి వెళ్ళి, ప్రయాణానికి సంచి సర్దావా అని అడిగాను. కరుణ నవ్వింది.

"పోతలేం బైబిలమ్మ. దేవుడే మాటిచ్చిండు గదా, ఇగ కోత ఎందుకు? ఎండకాలం అయినంక సూద్దాం."

ఆమె ధైర్యంగా వెళ్తుందని నేను అనుకుంటే, ఇక వెళ్ళనక్కర్లేదని ఆమె అనుకుంది. డాక్టర్లు కూడా దేవుని చేతులే అన్నాను, తేదీ పోతే మళ్ళీ ఎప్పుడిస్తారో అన్నాను. తెలిసిన మాటలన్నీ చెప్పాను, చెప్పాల్సిన ఒక్క మాట తప్ప.

"నువ్వే గిట్లంటే ఎట్ల? నీ చేతిల పళ్ళెంలకెల్లే గదా తీసిన" అంది.

అప్పుడు చెప్పి ఉండాల్సింది. 'ఆ కార్డు నేను పెట్టాను కరుణా' అని నాలుగు మాటలు. మహా అయితే నన్ను తిట్టేది, ఊరంతా నవ్వేది. కానీ ఆమె నన్ను దేవుని మనిషి అనుకుంటోంది, ఆ పేరు పోతుందని భయపడ్డాను. కార్డు జరిపింది జాలితో అనుకోవచ్చు. ఆ రోజు నోరు మూసుకున్నది మాత్రం పరువు కోసమే. మొదటి గంట నోరు తెరవద్దని నేర్చుకున్నదాన్ని, తెరవాల్సిన రోజు తెరవలేదు.

మార్చి ఆఖర్లో గ్రేసీకి జ్వరం వచ్చింది. రెండో రోజు ఊపిరి అందలేదు. హైదరాబాద్ తీసుకుపోతుంటే నార్కట్‌పల్లి దాటకముందే అంబులెన్స్‌లో ప్రాణం పోయింది. స్నానం చేయించింది నేనే. ఆ చిన్న రొమ్ము మీద ఏ గాటూ లేదు. నునుపుగా ఉంది. నీళ్ళు పోస్తూ దాని వైపు చూడలేకపోయాను.

ఎవరి మాట ఇది

ఆదరణ కూటంలో కరుణను ఎవరూ లేపలేదు, తనే లేచింది. చేతిలో ఆ కార్డు ఉంది. అప్పటి మా పాస్టరుగారు నాకంటే ఇరవై ఏళ్ళు చిన్నవాడు, బాగా చదువుకున్నవాడు.

"అయ్యగారూ, ఇది దేవుని మాటేనా, కాదా?"

"దేవుని మాటేనమ్మా."

"మరి నా బిడ్డ ఏది?"

ఆయన పరలోకం గురించి చెప్పాడు. దేవుని లెక్కలో స్థిరంగా ఉండటమంటే వేరని చెప్పాడు. ఒక పెద్దమనిషి లేచి, మన విశ్వాసంలో ఏదైనా లోపం ఉంటే అని మొదలుపెడితే డేవిడ్ ఆయన మీదికి వెళ్ళాడు. నేను వెనక వరుసలో కూర్చుని నా చేతులు చూసుకున్నాను. అందరూ దేవుడికి వకీళ్ళయ్యారు, నేను చేసిన పనికి.

కరుణ గుడి మానేసింది. నేను వెళ్తే మంచినీళ్ళు ఇచ్చేది, ప్రార్థన చేద్దామంటే తల అడ్డంగా ఊపేది.

"అబద్ధమాడేటోనికి నేను మొక్కను. మాటియ్యకపోతే ఒక తీరు. ఇచ్చి తప్పిండు. ఇగ ఆయనకు నాకు ఖతం."

నేను పాస్టరుగారి దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పాను. ఆయన లేచి తలుపు దగ్గరగా వేశాడు.

"మీరు చెప్పొద్దు" అన్నాడు. "ఒక్క కార్డు మీరు పెట్టారని తెలిస్తే, కార్డు తీసుకున్న ప్రతివాళ్ళకూ అనుమానమొస్తది. పైగా ఆమెకు ఇప్పుడు దేవుని మీద కోపం ఉన్నది, ఆయన తట్టుకుంటడు. మీరు చెప్తే తనమీద తనకే కోపమొస్తది. బిడ్డను ఉత్తపుణ్యానికి ఆపుకున్న అని సచ్చిపోతది."

ఆయన మాట తీసిపారేయదగింది కాదు. ఇప్పటికీ అందులో సగం నిజమే అనిపిస్తుంది. డేవిడ్‌తో కలిసి హైదరాబాద్ వెళ్ళి ఆ డాక్టరును అడిగాను కూడా, ఫిబ్రవరిలో ఆపరేషన్ అయితే బతికేదా అని. చెప్పలేమన్నాడు. కొందరు బతుకుతారు, కొందరు బల్ల మీదే పోతారన్నాడు. అటో ఇటో తేల్చి చెప్పి ఉంటే నాకు కాలూనడానికి కనీసం ఒక నేల దొరికేది.

మూడు నెలలు ఆగాను. తిండి సయించలేదు. మోకాళ్ళూనితే ఒకటే మాట వచ్చేది: నా వేలు ఎందుకు ఆపలేదు ప్రభువా? ఎన్నో పాపాలు నా చేత చేయనివ్వకుండా ఆపావు, ఆ వేలొక్కటి ఆపితే ఏం పోయేది? జవాబు రాలేదు. ఈ రోజుకూ రాలేదు.

జూలైలో ఒక మధ్యాహ్నం వెళ్ళాను. కరుణ మిషన్ దగ్గర ఉంది, ఎవరిదో పెళ్ళి జాకెట్ కుడుతోంది. కూర్చోలేదు నేను. నిలబడే చెప్పాను.

"కరుణా, ఆ కార్డు దేవుడిచ్చింది కాదు. నేనే తీసిపెట్టి, నీ వేళ్ళ కిందికి జరిపిన. ధైర్యమొస్తదని చేసిన. ఆపరేషన్‌కు పోతలేమన్న రోజు గూడ చెప్పలే. భయపడ్డ."

మిషన్ ఆగింది. నా మీదికి కత్తెర విసిరినా తప్పనిపించేది కాదు.

"మళ్ళ చెప్పు" అంది.

మళ్ళీ చెప్పాను.

"అయితే ఆయన నాకు మాటియ్యలే."

"ఇయ్యలే."

"ఆయన అబద్ధమాడలే. నువ్వాడినవ్."

"అవు. నేనే."

కరుణ రెండు చేతులతో ముఖం కప్పుకుంది. ఆ ఏడుపు ఎట్లా ఉంటుందో నేను రాయలేను. కాసేపటికి కళ్ళు తుడుచుకుని తలుపు వైపు చూపించింది.

"పో బైబిలమ్మ. నాకు ఆయనతోటి మాట్లాడేది ఉన్నది. నీతోటి లేదు."

ఆ పిల్లకు జవాబు

ఆ వారమే స్త్రీల కూడికలో అందరి ముందు చెప్పాను. కొందరు ఏడ్చారు, ఇద్దరు ఆ రోజు నుంచి నన్ను ఇంట్లోకి రానివ్వలేదు. పాస్టరుగారు నెల రోజులు నాతో పొడిపొడిగా ఉన్నాడు. మరుసటి జనవరిలో కార్డులు మామూలుగానే పంచారు, పళ్ళెం ఇంకొకరు పట్టుకున్నారు. మంచి మాటలు మాత్రమే ఏరి పోసిన పళ్ళెమే అది. ఆ ఏడాదే నేను రిటైరయ్యాను.

హుజూర్‌నగర్ పిల్లా, నువ్వు అడిగిన ప్రశ్నకు నా దగ్గరున్న జవాబు ఇది. దేవుడెందుకు ఇలా చేశాడని అడిగితే, నాకు తెలియదని చెప్పు. ఆ మాట అనడానికి సిగ్గుపడకు. అది అవిశ్వాసం కాదు. తెలియదని ఒప్పుకుని కూడా ఆ ఇంట్లో కూర్చోగలిగితే అదే విశ్వాసమని నా అనుభవం. ఆయన చెప్పని మాట ఆయన నోట పెట్టకు, ఎంత జాలి వేసినా సరే. అలా పెడితే, ఆయన మీద నమ్మకం పోయిన మనిషికి ఆయన్ని తిరిగి ఇవ్వడం నీ వల్ల కాదు. కరుణకు ఆ నమ్మకం తిరిగి వచ్చిందంటే, అది నా తెలివి కాదు.

కరుణ రెండు ఆదివారాల తర్వాత గుడికి వచ్చింది. నన్ను దాటుకుని వెళ్ళి ముందు వరుసలో కూర్చుంది. మూడేళ్ళయింది, ఇప్పటికీ నాతో మాట్లాడదు. బుధవారం స్త్రీల ప్రార్థనలో గుండ్రంగా కూర్చుని ఒకరి తర్వాత ఒకరం పైకి ప్రార్థన చేస్తాం. ఆమె నాకు ఎదురుగా చివర కూర్చుంటుంది. గొంతు ఎత్తకుండా, పక్కింటి మనిషితో మాట్లాడినట్టు చేస్తుంది.

మొన్న బుధవారం ఇలా చేసింది. "అయ్యా, నా గ్రేసీని ఎందుకు తీసుకపోయినవో ఇంకా చెప్పలే. నువ్వు చెప్పేదాక నేను వస్తనే ఉంట. నన్ను ఎల్లగొట్టకు. నువ్వు తప్ప నాకు అడగనీకి ఎవరు లేరు."

అక్కడితో అయిపోయిందనుకుని మేమంతా ఆమేన్ అనబోయాం. ఆమె ఇంకా కళ్ళు తెరవలేదు.

"ఇంకొకటి అయ్యా. బైబిలమ్మను నేను ఇంకా మాఫ్ జెయ్యలే. నాతోని అయితలేదు. అది గూడ నువ్వే సూసుకో."

అందరితోపాటు నేనూ ఆమేన్ అన్నాను.